సెయిల్‌బోట్‌లో ఒక రోజు వెళ్ళాలంటే గాలి ఒక్కటే చూసుకుంటే సరిపోదు

మీరు అడిగింది ఇంగ్లాండ్ దక్షిణ తీరంలో ఫ్రెండ్ సెయిల్‌బోట్‌లో పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయాలి, గాలి ఎంతుంటే సేఫ్ అని కదా. నేను సౌతాంప్టన్‌లో ఉంటా, కొలీగ్ 22 అడుగుల బోట్‌లో మూడేళ్ళుగా వెళ్తున్నా, ఇప్పటికీ నేను హెల్పర్‌నే అనుకోండి. గాలి సంగతి మీవాడు చూసుకుంటాడు గానీ మీరు ఆటుపోట్ల టైమ్ అడగండి ముందు.

మాకేమైందో చెప్తా. ఆగస్టు, పౌర్ణమి వెళ్ళిన రెండో రోజు. మెయిన్‌లాండ్ ఒడ్డున లిమింగ్టన్ అనే ఊరి నుంచి తూర్పుగా, ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఉన్న కౌస్ అనే ఊరు వెళ్ళి భోంచేసి రావాలని ప్లాన్. ఈ సొలెంట్ అనేది మెయిన్‌లాండ్‌కీ ఐల్ ఆఫ్ వైట్‌కీ మధ్య ఇరుకు సముద్రం, పోటప్పుడు నీళ్ళు తూర్పుకి, ఆటప్పుడు పడమటికి ఏరులా పారతాయి. పొద్దున ఏడింటికి బయల్దేరితే నీళ్ళే తోసుకెళ్ళేవి. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, పులిహోర తాలింపు అవ్వలేదని ఒకళ్ళు, పార్కింగ్ దొరకలేదని ఒకళ్ళు, లిమింగ్టన్ నదిలోంచి సొలెంట్‌లోకి బయటపడేసరికి పన్నెండు, నీళ్ళు అప్పటికే పడమటికి తిరిగిపోయాయి.

తెరచాప నిండుగా ఉంది, బోటు ముందు నీళ్ళు గలగలమంటున్నాయి, భలే పోతున్నాం అనుకున్నా. పక్కన ఒక బోయా (దారి గుర్తుకి సముద్రం అడుక్కి కట్టేసి తేలేలా పెట్టే డబ్బా) ఉంది, దాని చుట్టూ నీళ్ళు సుడి తిరుగుతూ నురగ కడుతున్నాయి. పులిహోర డబ్బా తెరిచి తిని మూత పెట్టి చూస్తే అదే బోయా అక్కడే! జీపీఎస్‌లో స్పీడు అర నాట్ కూడా లేదు (ఒక నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు). గాలి తోసినంతా ఎదురు నీళ్ళు వెనక్కి లాగేస్తున్నాయి.

కొలీగ్ నవ్వి, కౌస్ వద్దు యార్మత్ పోదాం అన్నాడు. అది ఎదురుగా దక్షిణం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. కానీ బోటుని ఊరివైపు తిప్పలేదు, అక్కడి చెక్క పియర్‌కి (ఒడ్డు నుంచి నీళ్ళలోకి కట్టిన వంతెన లాంటిది) బాగా ఎడంపక్కకి పెట్టాడు, నాకేమో తప్పు పోతున్నాడనిపించింది. తర్వాత వెలిగింది, మా గోదారిలో వరదప్పుడు పడవ వాళ్ళు ముందు ఒడ్డెంబడే పైకి పోయి అప్పుడు అడ్డంగా దాటేవాళ్ళు, అదే లెక్క. పియర్ చివర, దాని వెనకాల ఒక చెట్టు, ఈ రెండూ ఒకే గీతలో ఉన్నంతసేపు కరెక్టుగా పోతున్నట్టు, చెట్టు జరిగిందంటే నీళ్ళు మనల్ని ఈడ్చేస్తున్నట్టు. గురి తప్పితే పడమట హర్స్ట్ కోట దగ్గర ఇరుకులోకి లాగేస్తాయి, అక్కడ 4 నాట్లు దాటి పారతాయి, మా బోటు పరుగే అంత. దానికి ఎదురుగాలి కూడా తోడైతే అలలు నిట్టనిలువుగా లేస్తాయి, మామూలు గాలిక్కూడా.

యార్మత్‌లో సాయంత్రం ఆరు దాకా కూర్చున్నాం, నీళ్ళు ఆగాక గంటలో ఇంటికి. కౌస్ చూడలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంకా, లిమింగ్టన్ నదిలో పెద్ద ఫెర్రీ వస్తే పక్కకి జరగండి. వాంతుల మాత్ర ఎక్కకముందే వేసుకోండి, లోపల కేబిన్లో కూర్చుని ఫోన్ చూడొద్దు, బయట కూర్చుని దూరంగా ఒడ్డుని చూడండి. లైఫ్‌జాకెట్ ఈత వచ్చినా వేసుకోవాల్సిందే. ఆగస్టులో కూడా స్వెట్టర్ కావాలి, నేను టీషర్టుతో పోయి వణికా.

మీవాడు చెప్పిన తేదీ అమావాస్యకో పౌర్ణమికో దగ్గర్లో ఉందేమో క్యాలెండర్ చూడండి, మొదటిసారి కదా, అలా ఉంటే ఇంకో వారం జరపమనండి, వారం తర్వాతైతే నీళ్ళ లాగుడు తక్కువుంటుంది.