వానకాలం ఆగుంబెలో పాములు, కప్పలు: మీ ప్రశ్నలు

ప్రశ్న: ఆగస్టులో నలుగురం కర్ణాటక పడమటి కనుమల్లోని ఆగుంబెలో ఒక హోంస్టేలో మూడు రాత్రులు ఉంటాం. పోయినసారి రాత్రి రెండు గంటలు తిరిగినా రెండు కప్పలే కనబడ్డాయి. ఎక్కడ తప్పుతున్నాం?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: బహుశా నడక ఎక్కువై ఉంటుంది. రెండు గంటల్లో మూడు వందల మీటర్లు దాటకండి. వాగు పక్కన మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు దాకా ఉన్న కొమ్మల్ని ఒక్కొక్కటిగా, పైనుంచీ కిందనుంచీ చూడాలి. మలబార్ పిట్ వైపర్ అనే విషపాము ఆకుపచ్చ, గోధుమ, పసుపు, ఇలా ఎన్నో రంగుల్లో ఉంటుంది కాబట్టి రంగును నమ్ముకుంటే దొరకదు. గాలికి ఆకులన్నీ ఊగుతుంటే మధ్యలో బరువుగా ఆగిపోయిన చుట్ట ఏదైనా ఉందా అని చూడండి. ఒకే కొమ్మ మీద రోజుల తరబడి కాపు కాసే రకం ఇది. మొదటి రాత్రి కనబడితే చోటు గుర్తు పెట్టుకోండి, మర్నాడు కూడా అక్కడే ఉండొచ్చు.

టార్చిని కంటి పక్కన, చెంపకు ఆనించి పట్టుకుంటే కప్పల కళ్లు మెరుస్తాయి. సాలీళ్ల కళ్లూ మెరుస్తాయి, మోసపోతారు. పాము కన్ను అలా మెరవదు, ఆకారాన్నే పట్టుకోవాలి. పొగమంచులో హెడ్‌ల్యాంప్ వెలుతురు తెల్లటి తెరలా ముఖం మీదికే తిరిగొస్తుంది. అప్పుడు టార్చిని నడుము దగ్గరికి దించండి. కుండపోతలో బయల్దేరడం దండగ, వాన తగ్గి జల్లు పడుతున్నప్పుడు వెళ్లండి.

నీటి గుంట మీదికి వంగిన ఆకులకు తెల్లటి నురగ ముద్ద కనబడితే అది మలబార్ గ్లైడింగ్ కప్ప గూడు కావచ్చు. కొమ్మ వంచకండి. పిల్లలు గూట్లోంచి సరిగ్గా కింది నీళ్లలోకే రాలాలి. దోమల మందు పూసుకున్న చేత్తో కప్పను ముట్టుకోవద్దు, దాని చర్మం అన్నిటినీ పీల్చేసుకుంటుంది.

పగలు ఎండ కాసే గంటా రెండు గంటలు వక్క తోటల్లో చెట్ల మొదళ్లు చూడండి. ఎగిరే తొండ మగది గొంతు కింద జెండాలాంటి పసుపు తోలును ఊపుతుంది. తోట యజమానిని అడిగే లోపలికెళ్లండి. పక్కనున్న సోమేశ్వర అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. పామును పట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఫొటో కోసం కర్రతో కదిలించడం కూడా వద్దు.

ప్రశ్న: పాము కాటు పడితే? యాంటీవీనమ్ (విషానికి విరుగుడు మందు) వెంట తీసుకెళ్లాలా?
– ఒక పాఠకురాలు, హలసూరు

జవాబు: వద్దు. అది ఆసుపత్రిలో డాక్టరు ఎక్కించాల్సింది. పైగా మన దేశంలో దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి విషాల మీద తయారవుతుంది. పిట్ వైపర్లకు, రాచనాగుకు అది ఉద్దేశించింది కాదు. ఎండుటాకుల్లో ఎండుటాకులా పడుండే హంప్‌నోజ్డ్ పిట్ వైపర్ కాటు మూత్రపిండాలను దెబ్బతీయగలదు. అందుకే గంబూట్లు తప్పనిసరి, చేతులు ఆకుల్లో పెట్టొద్దు. కాటు పడితే ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి బయల్దేరండి. తాడు బిగించడం, గాటు పెట్టడం చేయకండి. ఘాట్ దిగి మణిపాల్ ఆసుపత్రికి చేరడానికి గంటకు పైగా పడుతుంది. బండి, డ్రైవరు రాత్రంతా అందుబాటులో ఉంటారా అని బుక్ చేసేటప్పుడే అడగండి.

ప్రశ్న: జలగలకు ఉప్పు పట్టుకెళ్లాలా?
– ఇంకో పాఠకుడు, జయనగర్

జవాబు: ప్యాంటు మీదుగా మోకాలి దాకా లీచ్ సాక్స్ తొడిగితే చాలు. పట్టుకుంటే నోటి దగ్గర గోరు పెట్టి పక్కకు తోయండి. కాసేపు రక్తం కారుతూనే ఉంటుంది, దూదితో నొక్కి పట్టండి.