మీ ప్రశ్నకు జవాబు: ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’ అని వస్తుంటే

ప్ర: మా నెట్ సెంటర్‌లో నాలుగు సిస్టంలు. ఒకదాంట్లో మాత్రం పొద్దున షట్టర్ తీసి ఆన్ చేయగానే ఏ సైటు తెరిచినా, చివరికి గూగుల్ అయినా, ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’ అంటోంది. తేదీ సరిచేస్తే సాయంత్రం దాకా బాగుంటుంది, మర్నాడు మళ్లీ అదే తంతు. వైరసా? విండోస్ మళ్లీ వేయించాలా?
– ఒక పాఠకుడు, కావలి

జ: వైరస్ కాదు. విండోస్ జోలికి పోకండి. జబ్బేమిటో మీ ప్రశ్నలోనే ఉంది: తేదీ.

ప్రతి సైటూ తాను అసలుదేనని బ్రౌజర్‌కు ఒక గుర్తింపు పత్రం చూపిస్తుంది, దాన్నే సర్టిఫికెట్ అంటారు. దానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువు ఉంటుంది. బ్రౌజర్ దాన్ని మీ సిస్టం గడియారంతో పోల్చి చూస్తుంది. సిస్టం 2012లో ఉన్నాననుకుంటే, మొన్న ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. అందుకే ఒక సైటు కాదు, అన్నీ ఆగిపోతాయి. ఒక్క సైటే ఆగితే తప్పు ఆ సైటులో ఉండొచ్చు. అన్నీ ఆగితే ముందు మీ గడియారం చూసుకోండి.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, దాని పేరు సీఆర్ 2032, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. రాత్రి మెయిన్ ఆపేసి వెళ్తారు గనక అప్పుడే తేదీ పోతోంది. పగలు ప్లగ్‌లో కరెంటు ఉంటుంది కాబట్టి సెల్ చచ్చిపోయినా తెలియదు. మల్టీమీటర్ ఉంటే చూడండి: కొత్త సెల్ 3 వోల్టుల పైన చూపిస్తుంది, 2.5 దగ్గరికి దిగిందంటే దాని పని అయిపోయినట్టే. కొనేటప్పుడు అంకె చదివి తీసుకోండి. 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. అదే వెడల్పున్న 2025 ఇస్తే పలచగా ఉండి లూజు కాంటాక్టు అవుతుంది, పది రోజులకు మళ్లీ మొదటికొస్తారు.

మార్చే ముందు బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్లి సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏముందో ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. సెల్ తీయగానే ఆ సెట్టింగులు కంపెనీ నుంచి వచ్చినప్పటి స్థితికి పోవచ్చు. మోడ్ మారితే విండోస్ లేవదు, సెల్ మార్చి సిస్టం పాడుచేశామని హడలిపోతారు. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. కేబినెట్ ఇనుము ఒకసారి తాకి, క్లిప్పును పక్కకు నెడితే సెల్ పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి.

ఆన్ చేసి బయోస్‌లో తేదీ కొట్టేటప్పుడు చాలా బోర్డుల్లో నెల ముందు, రోజు తర్వాత ఉంటుంది. జూన్ 5 కొట్టబోయి మే 6 చేసేస్తే ఎర్రర్ కొన్ని సైట్లకే మిగిలి, మరీ తికమక పెడుతుంది.

ఆ తర్వాత విండోస్‌లో టైం జోన్ చూడండి: యూటీసీ ప్లస్ 5:30, చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉండాలి. జోన్ అమెరికాలో ఉంచి ముళ్లు మాత్రం మన టైముకు తిప్పేవాళ్లున్నారు. కంటికి అంతా సరిగ్గానే కనిపిస్తుంది, లోపల మాత్రం గంటల కొద్దీ తేడా. ఇక గడియారాన్ని నెట్‌లోని టైముతో కలిపే ‘సింక్ నౌ’ నొక్కినా తేదీ మారడం లేదని చాలామంది అంటారు. తేడా 15 గంటలు దాటితే విండోస్ మామూలుగా తనంతట తాను సరిచేయదు. ముందు తేదీ చేత్తో దిద్దండి, ఆ తర్వాత సింక్ చేయండి.

ప్ర: మా అమ్మాయి కాలేజీ సైటు తన కొత్త ఫోనులో తెరుచుకుంటోంది. నా పాత ఫోనులో (ఆండ్రాయిడ్ 6) ఎర్రర్ వస్తోంది. తేదీ సరిగ్గానే ఉంది.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జ: ఎర్ర గుర్తు కింద చిన్న అక్షరాల్లో ఉండే లైను చదవండి. అందులో ‘డేట్’ అని ఉంటే గడియారమో, గడువో. ‘కామన్ నేమ్’ అని ఉంటే సర్టిఫికెట్ వేరే పేరు మీద ఉంది. అడ్రసులో డబ్ల్యూలు మూడూ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. ‘అథారిటీ’ అని ఉంటే, సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు ఎవరో మీ ఫోనుకు తెలియదన్నమాట. మీది బహుశా ఈ మూడోదే.

చాలా సైట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు వాడతాయి. దాని మూల సర్టిఫికెట్‌ను ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే ఫోన్లు గుర్తుపడతాయి. అంతకుముందు ఫోన్లను నెట్టుకొచ్చిన పాత ఏర్పాటు 2024తో ముగిసింది. ఫోను చెడిపోలేదు, దాని చేతిలోని నమ్మదగిన సంస్థల జాబితా పాతదైంది. ప్లే స్టోర్ మీ ఫోనుకు ఇచ్చే ఫైర్‌ఫాక్స్ వేసుకోండి. అది ఆ జాబితాను ఫోనులో వెతకదు, తన వెంటే తెచ్చుకుంటుంది. ఫీజు కట్టడానికి మాత్రం మీ అమ్మాయి ఫోనే వాడండి, భద్రతా అప్‌డేట్లు రాని ఫోనులో డబ్బు లావాదేవీలు వద్దు.

ఫోనులోకి ఏదో సర్టిఫికెట్ ఫైలు దింపుకుని ఇన్‌స్టాల్ చేయమని ఎవరైనా చెబితే చేయకండి. దాన్ని ఇచ్చినవాడు తలచుకుంటే మీరు తెరిచే సైట్లన్నిటికీ మధ్యలో కూర్చోగలడు.

ప్ర: నెల్లూరులో లాడ్జిలో వైఫై కలుపుకుంటే బ్యాంకు సైటుకు ఎర్రర్ వచ్చింది. ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి ముందుకు పోవచ్చా?
– ఒక పాఠకుడు, పొదిలి

జ: బ్యాంకు సైటుకు పోకూడదు. చాలా బ్యాంకు సైట్లలో బ్రౌజర్ ఆ దారి అసలు చూపించదు కూడా. లాడ్జి వైఫై ముందు తన లాగిన్ పేజీ చూపించాలనుకుని, బ్యాంకు స్థానంలో తానే జవాబిస్తుంది. పేరు కలవక బ్రౌజర్ ఆపేస్తుంది. నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ (neverssl.com) తెరవండి, లాగిన్ పేజీ వస్తుంది. రూము నంబరో ఓటీపీయో ఇచ్చాక బ్యాంకు మామూలుగా తెరుచుకోవాలి. అప్పటికీ ఎర్రరే వస్తే వైఫై ఆపి మొబైల్ డేటా వాడండి.

ప్ర: మా గ్రానైట్ వ్యాపారం సైటుకే గడువు దాటిందని వస్తోంది. సైటు చూసే కుర్రాడు రెన్యూ చేశానంటున్నాడు.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జ: ఆయన అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. కొత్త సర్టిఫికెట్ సర్వర్ డిస్కులోకి వచ్చి ఉంటుంది. ఎన్‌జింక్స్, అపాచీ లాంటి, సైటును పంచే సర్వర్ సాఫ్ట్‌వేర్లు ఆన్ అయినప్పుడు చదివిన పాతదాన్నే జ్ఞాపకం పెట్టుకుని పంచుతూ ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ను రీలోడ్ చేయించండి. తర్వాత అడ్రసుకు ఎడమన ఉన్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ తెరిచి, ఎవరి పేరున, ఎవరిచ్చారు, ఎప్పటిదాకా అన్న మూడూ మీరే చూడండి. కంప్యూటర్లో తెరుచుకుని కొన్ని ఫోన్లలో, యాప్‌లలో ఆగుతుంటే మీ సర్టిఫికెట్‌ను మూల సర్టిఫికెట్‌తో కలిపే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ పెట్టలేదని అర్థం. కొన్ని బ్రౌజర్లు దాన్ని వెతికి తెచ్చుకుంటాయి, అన్నీ కాదు. రెండూ కలిసి ఉండే ‘ఫుల్ చైన్’ ఫైలు పెట్టమనండి.

రెన్యూవల్ చేత్తో చేసే పద్ధతి మాత్రం మాన్పించండి. 2020 నుంచి ఒక్కో సర్టిఫికెట్‌కు గరిష్ఠ గడువు 398 రోజులుండేది. 2026 మార్చి 15 నుంచి 200, 2027లో అదే తేదీ నుంచి 100, 2029 నుంచి 47 రోజులే. ఆటో రెన్యూవల్ పెట్టి, రెన్యూ కాగానే రీలోడ్ కూడా దానంతట అదే జరిగేలా ఒక్క లైను రాయమనండి. ఈసారి మరిచిపోయింది ఆ ఒక్క లైనే అయి ఉండొచ్చు.