మాటల్లేని అక్కతో కలిసి పాత మిద్దె బాగు చేయించవచ్చా?

మీరు అడిగింది ఇదీ: అక్కకూ మీకూ ఏళ్లుగా మాటల్లేవు, నాయన పోయాక మిద్దె ఇద్దరికీ వచ్చింది, ముందు రాజీ పడి ఆ తర్వాత పని మొదలుపెట్టాలా, లేక అమ్మేసి చేతులు దులుపుకోవాలా అని. రాజీ కోసం ఆగొద్దంటాను నేను. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా అక్కకూ నాకూ ఇప్పటికీ పూర్తిగా పొసగదు, ఇల్లు మాత్రం నిలబడింది.

ముందు హక్కుల సంగతి తేల్చుకోండి, ఎందుకంటే మా గొడవ పుట్టిందే అక్కడ. అక్క పెళ్లి 1983లో, నాది 1989లో. ఎన్టీఆర్ కాలంలో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకే పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. మా బంధువు ఒకాయన ఆ ముక్క పట్టుకుని, నాయన దినాలు కూడా కాకముందే "పెద్దదానికి రాదు, అంతా చిన్నదానిదే" అని ఊరంతా చెప్పుకొచ్చాడు. నేనే అనిపించానని అక్క నమ్మింది. నిజానికి నాయన పోయేనాటికే ఆ తేడా లేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో పెళ్లెప్పుడైందన్న ప్రశ్నే లేదు, కూతుళ్లందరికీ హక్కే. ఆ తేదీకి తండ్రి బతికుండాలా అన్న అనుమానం ఒకటి మిగిలితే, అక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపంపకాలుంటే మాత్రం వాటిని కదపరు, మీ కాగితాల్లో అది చూసుకోండి. వీలునామా లేకుండా మీ ఇద్దరికీ వచ్చిన ఇల్లయితే, ఒకరు తన భాగం అమ్మదలిస్తే ముందు కొనుక్కునే హక్కు రెండోవాళ్లకు ఉంటుంది (హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్). ఇవన్నీ లాయరు నోటి నుంచి ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని వినండి. ఒకరు విని ఇంకొకరికి చెప్తే నమ్మరు, మా ఇంట్లో నమ్మలేదు.

మమ్మల్ని మా నాయన ఇంటికి రప్పించింది 2021 నవంబరు వాన. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ నెలలోనే. మా వైపు వరద రాలేదు గానీ ముసురుకు మిద్దె నానిపోయి వెనక గదిలో దూలం కుంగింది. పక్కింటివాళ్లు ఇద్దరికీ ఫోన్ చేశారు, ఇద్దరం వేర్వేరు బస్సుల్లో దిగాం.

మిద్దె ఎందుకు కుంగుతుందో తెలుసుకుంటే సగం తగవులు తగ్గుతాయి. మట్టిమిద్దె కప్పంటే దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, ఆ పైన సన్నకట్టెలు, మట్టి, అన్నిటికీ పైన చవుడు, అంటే ఉప్పుమన్ను. చవుడు తడిస్తే లోపలి బంకమన్ను విచ్చుకుని సందులు మూసుకుపోతాయి, నీళ్లు దిగకుండా పైపైనే జారిపోతాయి. వాన తక్కువ పడే మన సీమకు సరిగ్గా సరిపోయే కప్పు అది. అయితే ఏటా పాత చవుడు తియ్యకుండా కొత్తది పోస్తూ పోతే బరువు పెరుగుతుంది. మాది తవ్వితే మోకాలి లోతు మన్ను వచ్చింది! దానికి తోడు నీళ్లు పోయే తూములో రావి మొలక. అంటే మిద్దె కుంగింది ఆ బరువుకూ నిలిచిన నీళ్లకూ, అక్క వదిలేసినందుకో నేను రానందుకో కాదు. మేస్త్రీ ఆ మాట అన్నప్పుడు అక్క మొహం కొంచెం తేటపడింది.

ఇక అసలు కొట్లాట. అంతా పీకేసి స్లాబు వేద్దామంది అక్క. రాయీ మట్టీ పెట్టి కట్టిన గోడల మీద స్లాబు బరువు మోపలేము, పిల్లర్లు లేపాలి అన్నాడు మేస్త్రీ, ఆ ఖర్చు విన్నాక ఆ మాట ఆగింది. గోడలకు సిమెంటు పూయించొద్దని నేను పట్టుబట్టాను. మట్టిగోడలోని చెమ్మ బయటికి పోయే దారి ఉండదు, కొన్నాళ్లకు పూత ఉబ్బి పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. సున్నమైతే చెమ్మను వదులుతుంది. ఎర్రగుంట్ల దాకా ఎటు చూసినా నాపరాయి గనులూ సిమెంటు ఫ్యాక్టరీలూ, సున్నపురాయి మీదే బతికే ప్రాంతం మాది, అయినా సున్నం ఊరబెట్టి గానుగ ఆడించే మనిషి కోసం పక్క తాలూకా దాకా పోవాల్సొచ్చింది. ఆయన కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి పట్టించాడు, వారం పాటు ఇల్లంతా పానకం వాసన.

గవాచి, అంటే వెలుగుకూ పొగకూ కప్పులో వదిలిన కంత, దాని దగ్గర ఇంకో రభస. మూసేద్దామంటుంది అక్క, ఉంచాలంటాను నేను. "ఏమ్మే, జేజి పొగ పోయేదానికి పెట్టిచ్చింది, ఇప్పుడు నీకు గ్యాసు పొయ్యి కదా" అంది. చివరికి పైన అద్దం బిగించి ఉంచాం. అందులోంచి పన్నెండింటికి సరిగ్గా వంటింటి నాపబండ మీద ఎండ పడుతుంది, దాన్ని ఫొటో తీసి వాళ్ల మనవరాలికి పంపిందంట. నాతో అనలేదు, బావ చెప్పాడు.

మాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే, ప్రతిదీ ఇద్దరం కలిసి నిర్ణయించడం మానేశాం. కప్పు, గోడలు నావి. తలుపులు, దర్వాజాలు, కొయ్య పని అక్కవి, ఎందుకంటే వడ్రంగితో బేరమాడటంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఒకరి పనిలో ఇంకొకరు నోరు పెట్టకూడదు (పెట్టాం, సరే). డబ్బుకు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవండి, కానీ ఎవరో ఒకరి సంతకంతో తీసుకునే రకం వద్దు, ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు కదిలేది తీసుకోండి. మేస్త్రీని కూడా కలిపి ఒక వాట్సాప్ గ్రూపు, బిల్లులన్నీ అందులోకే. మా గ్రూపులో నెలలపాటు ఇసుక, సున్నం, కూలి తప్ప ఇంకో ముచ్చట లేదు, పండక్కి శుభాకాంక్షలు కూడా లేవు. అదే మంచిదైంది. పాత సంగతి ఎత్తితే పని ఆగిపోయేది.

పాత సంగతి ఇప్పటికీ మాట్లాడుకోలేదు. ఇంటి ముందు వైపు గదులు అద్దెకిద్దామంటోంది అక్క, నాకు ఇష్టం లేదు, ఆ వాదన నడుస్తోంది.

మీరు ఈ వారం ఒక పని చేయండి. దూలాల కొనలు గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. చెమ్మా చెదా ముందు పట్టేది అక్కడే. గట్టిగా తగిలితే ఆ దూలాన్ని ఉంచుకోవచ్చు, మెత్తగా దిగిపోతే కింద ఆసరాగా ముట్టు కర్ర పెట్టించి మార్చాల్సిందే, ఖర్చు లెక్క మొత్తం మారిపోతుంది. అది ఫొటో తీసి మీ అక్కకు పంపండి, ఏ దూలమో, మేస్త్రీ ఎంతన్నాడో రాయండి. అంతకుమించి ఆ రోజుకు ఏమీ రాయొద్దు.