వండర్‌లా రిసార్ట్ రెస్టారెంట్‌లో భోజనం: పెద్దవాళ్లతో వెళ్తే డబ్బుకి తగ్గట్టు ఉంటుందా?

మీ ప్రశ్న ఇదీ అని నేను అర్థం చేసుకున్నాను. దసరా సెలవులకి మీ అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. మీరిద్దరు, పిల్లలిద్దరు కలిపి ఆరుగురు శనివారం బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న వండర్‌లా ఆటల పార్కుకి వెళ్దామనుకుంటున్నారు. అక్కడి రిసార్ట్ రెస్టారెంట్ బాగుంటుందని ఆఫీసులో అందరూ చెబుతున్నారు. మధ్యాహ్నం భోజనం అక్కడే పెట్టుకుంటే పెట్టిన డబ్బుకి తగ్గట్టు ఉంటుందా అని అడిగారు.

ఆ రాత్రి రిసార్ట్‌లోనే గది తీసుకునేట్టయితే రాత్రి భోజనం అక్కడ తప్పకుండా చేయండి. పార్కు టికెట్ కొనుక్కుని, ఆటలు మధ్యలో వదిలేసి మధ్యాహ్నం భోజనానికి వెళ్లడం మాత్రం వద్దండీ. వంట ఎంత బాగున్నా వద్దు. ఎందుకో చెబుతాను.

మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, సొంతూరు అనంతపురం. సెలవులొస్తే ఊరి నుంచి ఎవరో ఒకరు పిల్లలతో దిగుతారు, దిగినవాళ్లు ముందు అడిగేది వండర్‌లానే. అలా అయిదుసార్లు వెళ్లాను. ఒకసారి రిసార్ట్‌లో ఒక రాత్రి ఉన్నాం. పార్కు 2005లో మొదలైంది, రిసార్ట్ 2012లో వచ్చింది. అక్కడున్నవి ఎనభై చిల్లర గదులే కాబట్టి దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకవు.

ముందు టైం లెక్క చూడండి. పార్కు తెరిచేది 11కి. మూసేది 6కో 7కో, ఆ రోజుని బట్టి ఉంటుంది. అంటే శనివారం మీ చేతిలో ఉండేది మహా అయితే ఎనిమిది గంటలు. అందులో నీళ్ల ఆటలకి మంచి సమయం మధ్యాహ్నమే. ఎండ దిగాక తడిబట్టలతో పిల్లలు వణుకుతారు. పైగా ఆ కొలనుల్లోకి నూలు బట్టలతో దిగనివ్వరు, నైలాన్‌వో పాలిస్టర్‌వో వేసుకోవాలి. ఆ బట్టలతో ఏసీ రెస్టారెంట్‌లో కూర్చోలేరు కదా. లాకర్ దగ్గరికి నడవాలి, క్యూలో నిలబడి బట్టలు మార్చుకోవాలి, పిల్లల తలలు తుడవాలి, రిసార్ట్ దాకా వెళ్లాలి, టేబుల్ కోసం ఆగాలి, తినాలి, తిరిగొచ్చి మళ్లీ బట్టలు మార్చుకోవాలి. కడుపు నిండా తిన్న పిల్లల్ని వెంటనే గిర్రున తిప్పే రైడ్ ఎక్కించడమూ కుదరదు.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. మూడేళ్ల కిందట వేరే ఊళ్లో, వేరే పార్కు రిసార్ట్‌లో సరిగ్గా ఇదే పొరపాటు చేశాను. పేరు చెప్పను. అక్కడా అందరూ రెస్టారెంట్ గురించి గొప్పగా చెప్పినవాళ్లే. ఒంటిగంటా పదికి పార్కు నుంచి బయటికొచ్చాం. రెస్టారెంట్ గుమ్మం దగ్గర ఒకాయన చిన్న చీటీ మీద నంబర్ రాసిచ్చి కూర్చోమన్నారు. కూర్చోడానికి ఉన్నవి నాలుగు కుర్చీలు, నిలబడ్డవాళ్లు నలభై మంది. మా నాన్నకి షుగర్. లోపలికి వెళ్లగానే తింటాం కదా అని భోజనానికి ముందు వేసుకునే మాత్ర అప్పటికే వేసేసుకున్నారు. ఇరవై నిమిషాలయ్యాక చూస్తే నుదుటి మీద చెమట, చేతిలో ఉన్న కళ్లజోడు సన్నగా వణుకుతోంది. ఆయన నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. మా అమ్మే గమనించి, కొంగు ముడిలో దాచిన పల్లీ చిక్కీ విప్పి ఆయన నోట్లో పెట్టింది. పక్కన మా చిన్నాడు తడి జుట్టుతో ఏసీ గాలికి పళ్లు టకటకలాడిస్తూ వణుకుతున్నాడు. రెండు దాటాక పిలిచారు. ఆ రోజు బఫే తప్ప విడిగా ఆర్డర్ తీసుకోరట. నాన్న తినగలిగింది పెరుగన్నం, ఆ గిన్నె అడుగంటి ఉంది. మళ్లీ తెస్తాం అన్నారు, మేం లేచేదాకా రాలేదు. పార్కులోకి తిరిగొచ్చేసరికి మూడున్నర. పెద్ద రైడ్‌కి అప్పటికే గంట క్యూ. మా అబ్బాయి ఆ రైడ్ ఎక్కకుండానే ఇంటికొచ్చాడు.

బిల్లుకి నేను బాధపడలేదు. కానీ నాన్న చేతిలో ఆ కళ్లజోడు ఇప్పటికీ కళ్లముందు మెదులుతుంది. అందుకే మీరు పెద్దవాళ్లతో వెళ్తున్నామని రాయగానే ఇంత పొడవుగా రాయాలనిపించింది.

వండర్‌లాలో మేం చేసింది వేరు. పొద్దున ఏడున్నరకల్లా బయల్దేరి, నైస్ రోడ్డు మీదుగా మైసూరు రోడ్డుకి వెళ్లాం. అక్కడ బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ఎక్కకుండా సర్వీస్ రోడ్డులోనే ఉండండి. బిడది దాటి ముందుకెళ్లిపోతే వెనక్కి తిరగడానికే బోలెడంత టైం పోతుంది. బిడదిలో తట్టె ఇడ్లీ తినండి. పళ్లెమంత ఇడ్లీ, పైన కరుగుతున్న వెన్న, పక్కన చట్నీ. రోడ్డు పక్కన వరసగా హోటళ్లున్నాయి, ఎక్కడ బళ్లు ఎక్కువ ఆగి ఉంటే అక్కడ ఆగండి. మన ఇడ్లీ కన్నా మెత్తగా ఉంటుంది, పెద్దవాళ్లకి నమలడానికి హాయి. పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండేసి తింటే మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలి గుర్తురాదు. మా అత్తయ్య గుంటూరు మనిషి, చట్నీలో కారం లేదని ముందు మొహం చిట్లించింది. వెన్నతో రెండో ఇడ్లీ ఆవిడే అడిగింది. మీ అమ్మగారికి కారం కావాలంటే చిన్న సీసాలో కారప్పొడి తెచ్చుకోండి, ఇడ్లీ హోటల్లో ఎవరూ ఏమీ అనరు. పార్కులోకి మాత్రం బయటి తిండి తీసుకెళ్లనివ్వరు. పులిహోర చేసుకునేట్టయితే పార్కింగ్‌లో కారు దగ్గరే తినేసి లోపలికి వెళ్లాలి. మనవాళ్లు చాలామంది అదే చేస్తారు, మొహమాటపడక్కర్లేదు.

మధ్యాహ్నం లోపల ఉన్న ఫుడ్ కౌంటర్లలో ఏదైనా తేలిగ్గా తిని మళ్లీ ఆటల్లోకి వెళ్లిపోండి. అక్కడి తిండి గొప్పగా ఉంటుందని చెప్పను, మామూలే. కానీ అరగంటలో పనైపోతుంది. ఒంటిగంట నుంచి రెండు దాకా అందరూ అక్కడే ఉంటారు, పన్నెండున్నరకే వెళ్తే క్యూ తక్కువ. శనివారం కాబట్టి భోజనానికి పెట్టాలనుకున్న డబ్బులో కొంత, క్యూలో ఎక్కువసేపు నిలబడక్కర్లేని ఫాస్ట్ ట్రాక్ టికెట్ల మీద పెడితే పిల్లలకి ఎక్కువ సంతోషం. ఒక మాట, పిల్లల టికెట్ చూసేది వయసుని కాదు, ఎత్తుని. పెద్ద రైడ్లకి 140 సెంటీమీటర్లు ఉండాలి. ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలిచి చూసుకోండి. గేటు దాకా వెళ్లాక ఎక్కనివ్వకపోతే ఏడుపు ఆపలేం.

ఇక రిసార్ట్‌లో ఉన్న రాత్రి. పార్కు మూసేశాక నేరుగా గదికి వెళ్లాం, అందరం వేడినీళ్లతో స్నానం చేశాం, ఎనిమిదిన్నరకి కిందికి దిగాం. నాన్న మాత్ర జేబులోనే పెట్టుకుని, కంచం ముందుకొచ్చాక వేసుకున్నారు. పిల్లలు సగం తిని కుర్చీల్లోనే తూగుతున్నారు. పక్క టేబుల్ వాళ్లు లేచి వెళ్లినా మమ్మల్ని ఎవరూ తొందరపెట్టలేదు. అమ్మ వేడి అన్నంలో చారు పోసుకుని నింపాదిగా తింటూ, మా చిన్నప్పుడు మమ్మల్ని తాడిపత్రి జాతరకి తీసుకెళ్లిన కథ చెప్పింది. వంట బాగుంది. ఊళ్లో మంచి హోటల్లో ఇంకా బాగా ఉంటుందా అంటే ఉండొచ్చు. కానీ రోజంతా ఎండలో తిరిగిన అరవై ఏళ్లు దాటిన మనిషికి, భోజనం అయ్యాక లిఫ్ట్ ఎక్కితే మంచం ఉంటుందంటే ఆ ధరకి అర్థం ఉంది. లేకపోతే అదే రాత్రి, అలసిపోయిన పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, మైసూరు రోడ్డు ట్రాఫిక్‌లో మారతహళ్లి దాకా రావాలి.

మీ అమ్మానాన్నలు రైడ్లు ఎక్కరు కదా, వాళ్లు మధ్యాహ్నం ఏం చేస్తారన్నది ఇంకో విషయం. గది తీసుకుంటే వాళ్లిద్దరూ ఆ మధ్యాహ్నం రిసార్ట్‌లోనే నింపాదిగా తిని పడుకోవచ్చు, మీరు పిల్లలతో పార్కులో ఉండొచ్చు. గది ఏ టైం నుంచి ఇస్తారో అడిగి పెట్టుకోండి. మా వాళ్లకి మేం అలాగే చేశాం. నాకు ఆ రెస్టారెంట్ అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది అప్పుడే. అందరం కలిసి తినాలన్న ఆశ ఎవరికైనా ఉంటుంది, దాన్ని రాత్రికి ఉంచుకోండి.

ఇక బిల్లు. మెనూలో ధర పక్కన పన్నులు అదనం అని ఉంటే ఎంత శాతమో ముందే అడగండి. హోటళ్లలో ఉండే రెస్టారెంట్లలో గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే చోట జీఎస్టీ 18 శాతం, మిగతా చోట్ల 5 శాతం. ఉదాహరణకి మీ ఆరుగురికీ 4,000 అయిందనుకోండి, ఒకచోట పన్ను 200, ఇంకోచోట 720. ఆ తేడా పిల్లల ఐస్‌క్రీముల ఖర్చు. సర్వీస్ చార్జ్ అని విడిగా వేస్తే అది మీ ఇష్టం మీద ఆధారపడిందే. వినియోగదారుల హక్కుల సంస్థ సీసీపీఏ 2022 జులైలోనే దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. నేను చెప్పిన ఆ వేరే ఊరి రిసార్ట్‌లో అడిగితే మారుమాట్లాడకుండా తీసేశారు. గొడవ పెట్టుకోనక్కర్లేదు, మెల్లగా అడిగితే చాలు. మంచినీళ్ల సీసా సంగతి వేరు. హోటళ్లు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, కాబట్టి దాని మీద వాదించి లాభం లేదు. మామూలు ఫిల్టర్ నీళ్లు తెమ్మనండి.

గది దొరకలేదనుకోండి, అప్పుడు కూడా ఆ రెస్టారెంట్‌లోనే తినాలని మనసులో ఉంటే, ముందు రోజు ఒక ఫోన్ చేయండి. గది తీసుకోనివాళ్లని ఆ రోజు కూర్చోనిస్తారా, బఫే ఒక్కటేనా, విడిగా ఆర్డర్ ఇవ్వొచ్చా, పిల్లలకి ఎన్నేళ్ల దాకా సగం రేటు, రాత్రి చివరి ఆర్డర్ ఎన్నింటికి, ఇవి అడగండి. పార్కు వాళ్లని ఇంకో మాట అడగాలి, ఒకసారి బయటికొస్తే మళ్లీ లోపలికి రానిస్తారా అని. మామూలు రోజున ఒకలా, పండగ సెలవుల్లో ఇంకోలా ఉండొచ్చు కాబట్టి తేదీ చెప్పి మరీ అడగండి. నాన్నగారికి షుగర్ ఉంటే టేబుల్ ఫలానా టైంకి కావాలని ముందే చెప్పి పెట్టండి. చాలాచోట్ల పెద్దవాళ్లు అనగానే ముందు కూర్చోబెడతారు, చెప్పకపోతే వాళ్లకి తెలియదు. మేం ఆ రోజు చెప్పలేదు.

శనివారమే తప్పదా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. పిల్లలకి సెలవులే కాబట్టి మీరొక్కరు లీవు పెట్టి మంగళవారమో బుధవారమో వెళ్లగలిగితే క్యూలు తగ్గుతాయి, రెస్టారెంట్‌లో చోటూ దొరుకుతుంది, గది కూడా దొరకొచ్చు.

ఫోన్‌లో వాళ్లేం చెప్పారో ఇక్కడ రాయండి. గది కుదరకపోతే తిరిగొచ్చేటప్పుడు కెంగేరి వైపు పెద్దవాళ్లతో ఆగి తినడానికి వీలైన చోట్లు రెండు తెలుసు, అవి చెబుతాను.