వానాకాలంలో బిగుసుకునే సొరుగులు

ప్రశ్న: మా అత్తగారి టేకు డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులు వానలు మొదలవగానే కదలవు. కొబ్బరినూనె రాయమంటున్నారు. రాయనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నూనె వద్దమ్మా! చెక్క పీల్చుకుంటుంది, దుమ్ము పట్టి జిడ్డు తేలుతుంది, లోపలి చీరలకు మరకలవుతాయి. మీది సముద్రపు ఊరు. గాలిలో తేమకు చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. సొరుగు పూర్తిగా బయటికి తీసి పక్కలు, అడుగు అంచులు చూడండి. ఒరుసుకునే చోట నున్నగా మెరుస్తుంటుంది. అక్కడ మాత్రమే 120 నంబరు ఉప్పుకాగితంతో, చారలు వెళ్లే దిక్కునే రుద్ది, పొడి తుడిచి, తెల్ల కొవ్వొత్తి గట్టిగా రాయండి. లోపల సొరుగు నడిచే కర్రలకూ రాయాలి. ఇప్పుడు మాత్రం చిత్రిక పట్టించకండి. పాత టేకును అలా పాడుచేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పైగా ఇప్పుడు చిత్రిక పట్టిస్తే, ఎండాకాలంలో చెక్క తగ్గాక సొరుగు లొడలొడలాడుతుంది.