పదాలు వెతికే షార్ట్‌కట్ సాఫ్ట్‌వేర్ తెలుగు అనువాదానికి పనికొస్తుందా?

ఒక్కో ఇంగ్లీషు పదానికి నాలుగైదు ట్యాబ్‌లు తెరిచి, అన్నింట్లోనూ అదే పదం మళ్లీ మళ్లీ టైపు చేయాల్సి వస్తోందని రాశారు. మీట నొక్కగానే పదం వెతికిపెట్టే ఇంటెల్లీవెబ్‌సెర్చ్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే తెలుగుకు ఉపయోగం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. కాకపోతే మీరు అనుకుంటున్న చోట కొంచెమే, అనుకోని చోట ఎక్కువ.

నేను బెంగళూరులో బీమా పాలసీలు, ఆసుపత్రుల సమ్మతి పత్రాలు, ఫోన్ యాప్‌లు తెలుగులోకి అనువదిస్తుంటాను. ఇంటెల్లీవెబ్‌సెర్చ్‌ను తయారుచేసిన మైకేల్ ఫారెల్ స్వయంగా అనువాదకుడు. అది విండోస్‌లో నడుస్తుంది. పదాన్ని ఎంచుకుని మీటలు నొక్కితే, ఆ పదాన్ని కాపీ చేసి, మీరు ముందే చెప్పిపెట్టిన సైటులో వెతికి చూపిస్తుంది. ఇక్కడి కంపెనీ లాప్‌టాప్‌లలో ఐటీ వాళ్ల అనుమతి లేకుండా గడియారం యాప్ కూడా పెట్టుకోలేం కాబట్టి, మాలో చాలామందిమి బ్రౌజర్‌తోనే నెట్టుకొస్తున్నాం. మెమోక్యూ, ఒమేగాటీ లాంటి అనువాద సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకు ఇలాంటి ఏర్పాటు వాటిలోనే ఉంది.

బ్రౌజర్ పద్ధతి తేలిక. నిఘంటువు సైటులో ఏదో ఒక పదం వెతకండి. పైన కనిపించే చిరునామాను కాపీ చేసి, అందులో ఆ పదం ఉన్న చోట శాతం గుర్తు, దాన్ని ఆనుకుని చిన్నబడి ఎస్ (%s) పెట్టండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ల దగ్గర సైట్ సెర్చ్ అని ఉంటుంది, అక్కడ దీన్ని చేర్చి ఒకటి రెండు అక్షరాల పేరివ్వండి. ఆ తర్వాత ఆ అక్షరాలు, స్పేస్, కావలసిన పదం, ఎంటర్. వెతికింది తెలుగు పదమైతే చిరునామాలో శాతం గుర్తులతో ఒక చాంతాడు కనిపిస్తుంది. యూనికోడ్‌లో ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు, ఒక్కో బైటు అక్కడ మూడు గుర్తులవుతుంది. ‘తెలుగు’ అన్న మూడక్షరాల మాటే 54 గుర్తులు! ఆ చాంతాడు మొత్తం తీసేసి, దాని స్థానంలో శాతం-ఎస్ పెట్టాలి. వెతికిన పదం చిరునామాలో కనిపించని సైట్లకు ఈ కిటుకు పారదు, వాటిని బుక్‌మార్క్ చేసుకోవడమే.

ఇక అసలు విషయం. అందరూ ఇంగ్లీషు పదం ఇచ్చి తెలుగు మాట రాబట్టడానికే షార్ట్‌కట్లు పెట్టుకుంటారు. ఆ వైపు మనకున్న సైట్లే తక్కువ. ఆంధ్రభారతిలో ఎన్నో నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు. బ్రౌన్ నిఘంటువు 1903 ప్రతి, గ్విన్ గారి 1991 నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయం సైటులో ఉన్నాయి, కానీ అవి రెండూ తెలుగు మాటకు ఇంగ్లీషు అర్థం చెప్పేవి. మొక్కలు, జబ్బులు, రసాయనాల విషయంలో మాత్రం ఇంగ్లీషు వికీపీడియా వ్యాసం తెరిచి, భాషల జాబితాలో తెలుగు లంకె నొక్కడమే నాకు దగ్గరి దారి. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ పదకోశాలు మంచివే, కానీ ఎక్కువగా అచ్చులోనో స్కాన్ ప్రతుల్లోనో ఉన్నాయి. అలాంటి ప్రతుల దాకా ఏ షార్ట్‌కట్టూ వెళ్లదు.

షార్ట్‌కట్ నిజంగా కష్టం తీర్చేది రెండో వైపు. దొరికిన తెలుగు మాటను ఇవాళ ఎవరు రాస్తున్నారో చూడటానికి. బీమా పత్రంలో ‘నిరీక్షణ కాలం’ రాయాలా, ‘వేచి ఉండే కాలం’ రాయాలా అన్నది ఏ నిఘంటువూ తేల్చదు. నేను దీనికి విడిగా షార్ట్‌కట్లు పెట్టుకున్నాను. గూగుల్ చిరునామాలో శాతం-ఎస్‌కు రెండు వైపులా కొటేషన్ గుర్తులు, ఆ వెనకే ఫలానా సైటులోనే వెతకమని చెప్పే సైట్ ఆదేశం (site:) ముందే ఇరికించేశాను. ఒకటి ఒక దినపత్రికలో వెతుకుతుంది, ఇంకొకటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సైట్లలో, మరొకటి తెలంగాణ ప్రభుత్వ సైట్లలో. బెంగళూరులో కూర్చుని మామూలుగా వెతికితే కర్ణాటక పేజీలు ముందుకు తోసుకొచ్చే బెడద కూడా దీంతో పోయింది. ఎన్ని ఫలితాలు వచ్చాయన్న అంకెను మాత్రం నమ్మకండి. తెలుగు పేజీల్లో యంత్రం అనువదించి పారేసినవి బోలెడు, వాటిలో ఒకే వింత మాట వందసార్లు కనిపించినా దానికి విలువ లేదు. అలాగే ఏమీ దొరకలేదంటే ఆ మాట వాడుకలో లేదనీ కాదు. యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసిన పాత పీడీఎఫ్‌లు యూనికోడ్ వెతుకులాటకు చిక్కవు.

ఎంచుకున్న పదాన్ని ఉన్నదున్నట్టు పంపితే తెలుగులో తరచూ బోల్తా పడతాం. ‘నిబంధనలకు’ అని పంపితే నిఘంటువు చేతులెత్తేస్తుంది, ‘నిబంధన’ కావాలి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. కాపీ చేస్తే అదీ వెంట వస్తుంది, కొన్ని సైట్లు దాన్ని వేరే పదంగా లెక్కగడతాయి. అందుకే నేరుగా వెతికేసే ఏర్పాటు ఇంగ్లీషు పదాలకే ఉంచి, తెలుగు పదాలకు ముందు ఒక పెట్టె తెరుచుకుని, దిద్దుకున్నాక పంపేలా పెట్టుకోండి. షార్ట్‌కట్ పేరు కూడా తెలుగు అక్షరంలోనే ఇస్తే మేలు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో టైపు చేస్తూ ప్రతిసారీ కీబోర్డు మార్చడం కన్నా చికాకు పని ఈ వృత్తిలో ఇంకోటి లేదు.

ఒక జాగ్రత్త. మీటలు నొక్కే ముందు ఎంత భాగం ఎంచుకున్నారో చూసుకోండి. పదం బదులు పేరా మొత్తం వెళితే, క్లయింటు ఇంకా బయటపెట్టని ఉత్పత్తి వివరాలు బయటి సర్వర్‌కు చేరినట్టే. మీరు సంతకం పెట్టిన గోప్యతా ఒప్పందానికి అది వేగం కోసం జరిగిందా, పొరపాటున జరిగిందా అన్న తేడా ఉండదు.