మనిషి రాస్ జన్యువును క్లోన్ చేసి ఈస్ట్‌తో పోల్చడం ఎందుకు?

తిరుపతిలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివే అమ్మాయి అడిగింది: "బ్రెడ్డు పొంగించే ఈస్టుకూ మనిషికీ పోలికేంటి సార్?"

చాలానే ఉందమ్మా. రాస్ అనేది అదే పేరున్న జన్యువు నుంచి తయారయ్యే చిన్న ప్రోటీను, బరువు సుమారు 21 కిలోడాల్టన్లు (ప్రోటీన్ల బరువు కొలిచే ప్రమాణం). కణంలో శక్తిని మోసే జీటీపీ అనే చిన్న అణువును ఇది పట్టుకుంటుంది. జీటీపీ ఉంటే స్విచ్ ఆన్, అది జీడీపీగా విరిగితే ఆఫ్. కణం పెరగాలా, విభజన చెందాలా అన్న కబురు దీని ద్వారానే లోపలికి పోతుంది.

క్లోనింగ్‌కి, అంటే జన్యువుకు నకళ్లు తీయడానికి, ఒక దారి: ఎంఆర్ఎన్ఏ (జన్యువు నుంచి కణం తీసుకునే పని ప్రతి) నుంచి సీడీఎన్ఏ (దాని డీఎన్ఏ రూపం) తయారుచేసి, ప్లాస్మిడ్ అనే చిన్న గుండ్రటి డీఎన్ఏలో అతికించి, ఈ.కోలై బాక్టీరియాలో పెంచడం. ఇంట్రాన్ల (జన్యువు మధ్యలో వచ్చే, ప్రోటీను తయారీకి అక్కరలేని ముక్కలు) గొడవ ఉండదు.

అసలు రుచి పోలికలోనే ఉంది. మనిషి రాస్‌లలో ఒకటైన హెచ్-రాస్‌లో 189 అమైనో ఆమ్లాలు (ప్రోటీను గొలుసులోని పూసలు), ఈస్ట్‌కున్న రెండు రాస్‌లలో ఒకటైన రాస్2లో 322. అలిపిరి దారి పొడవు, శ్రీవారి మెట్టు పొట్టి, చేరేది ఒకే కొండకు కదా! ఇదీ అంతే. జీటీపీని పట్టుకునే చోట్లు రెండింటిలో దాదాపు ఒకటే. తేడా అంతా తోక వైపు. అక్కడా చిట్టచివర, కొవ్వు గొలుసు తగిలే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం మళ్లీ రెండింటికీ ఉంది.

ఇదంతా కాగితం మీది పోలికే అనుకుంటావేమో. ఈస్ట్‌కు తన రెండు రాస్ జన్యువులూ తీసేస్తే బతకదు, మనిషి హెచ్-రాస్ పెడితే బతుకుతుంది. 1985లోనే చూపించారు.

ఇక క్యాన్సర్ సంగతి. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో హెచ్-రాస్ 12వ స్థానంలోని గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం వాలీన్ అనే మరోదానిగా మారిందని 1982లో తేలింది. డీఎన్ఏలో ఒక్క అక్షరం మారితే చాలు, స్విచ్ ఆఫ్ కావడం మానేస్తుంది. ఈస్ట్ రాస్2లో అదే గ్లైసీన్ 19వది. సెమినార్‌లో ఈ రెండు అంకెల దగ్గరే తడబడతారు, రాసిపెట్టుకో.